తాకట్టు ఇల్లు: వేలం ప్రకటనకు ముందే బేరం

(మా వాణిజ్య విలేఖరి)

విశాఖపట్నం: సరుకుల ధరల పట్టిక చూసే వర్తకుల కన్ను ఈమధ్య బ్యాంకుల వేలం ప్రకటనల మీదకు కూడా పోతోంది. గాజువాక, పెందుర్తి, మధురవాడ, కూర్మన్నపాలెం. సర్వే నంబరు, ఇన్ని గజాలు, ఇంత బాకీ, ఇంత రిజర్వు ధర. కొనేవారికి అది చవక బేరంలా తోస్తుంది. ఇలాంటి దావాలు నడిపే న్యాయవాదుల చూపు వేరు. ఆ ఇంటిని ఆసామీ స్వయంగా, నాలుగు నెలల ముందే, బ్యాంకు సమ్మతితో అమ్ముకొని ఉండవలసిందని వారి లెక్క.

షార్ట్ సేల్ అంటే మన బజారులో చేతిలో లేని సరుకును అమ్మడం. అమెరికాలో ఇళ్ళ విషయంలో ఆ మాటకు అర్థం వేరు. ఇంటి ధర బాకీ కంటే పడిపోయినప్పుడు, వచ్చినంత తీసుకొని తాకట్టు విడిపించడానికి బ్యాంకు ఒప్పుకునే అమ్మకం అది. 2008 సంక్షోభం నాటినుంచి అక్కడ ఇది బాగా వాడుకలోకి వచ్చింది. అలా అమ్మిన తరువాత మిగులు బాకీ కోసం ఇంటి యజమాని వెంటపడకూడదని కాలిఫోర్నియా 2011లో చట్టమే చేసింది. మన దేశంలో ఆ పేరుతో పద్ధతి లేదు గాని, దారి బొత్తిగా మూసుకుపోలేదు.

ఇక్కడ నడిచేది 2002 నాటి సర్ఫేసీ చట్టం. వాయిదాలు 90 రోజులు నిలిచిపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. తరువాత 13(2) నోటీసు, అరవై రోజుల గడువు. ఆ గడువులో ఖాతాదారు రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఈ హక్కును వాడుకునేవారు తక్కువ. నోటీసును బీరువాలో పెట్టి ఊరుకునేవారే ఎక్కువ. అరవై రోజులు దాటితే స్వాధీన ప్రకటన. దాని మీద 45 రోజుల్లో విశాఖలోని రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. అక్కడ ఓడితే అప్పీలు కోల్‌కతాలో. దానికి బాకీలో సగం ముందుగా కట్టాలి. ఎంత తగ్గించినా పావు వంతు తప్పదు.

అసలు మెలిక 2016 సవరణలో ఉంది. పూర్వం అమ్మకం ముగిసేదాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే వీలుండేది. ఇప్పుడు వేలం ప్రకటన వెలువడిన రోజుతో ఆ హక్కు పోతుంది. బాఫ్నా మోటార్స్ కేసులో 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ మాటే ఖాయం చేసింది. ఆఖరి నిమిషంలో బంధువుల దగ్గర డబ్బు సర్దుకొస్తామనే ధీమా ఇక చెల్లదు.

ఒక లెక్క వేసి చూద్దాం. బాకీ 70 లక్షలు. మొదట్లోనే అమ్మితే ఇల్లు 75 పలుకుతుంది. బాకీ పోను 5 మిగులుతుంది. బజారు మందగించి 66 లక్షలకే కొనేవాడు దొరికాడనుకుందాం. బ్యాంకు ఆ 66 తీసుకొని మిగతా 4 లక్షలు వదులుకుంటే అదే మన షార్ట్ సేల్. వేలం దాకా పోయి 60 లక్షలకు పాడితే 10 లక్షలు తరుగు. వడ్డీ, ఖర్చులు అదనం. 13(10) కింద ఆ తరుగు కోసం బ్యాంకు మళ్ళీ దావా వేయవచ్చు. రిజర్వు ధర కూడా రాని పక్షంలో బ్యాంకు, బాకీదారు ఇద్దరూ సమ్మతిస్తే అంతకంటే తక్కువకు అమ్మవచ్చునని నిబంధనల్లో ఉంది. ఈ సంగతి బాకీదారుల్లో చాలామందికి తెలియదు.

అయితే ఒకేసారి పరిష్కారం ఇచ్చి తీరాలని బ్యాంకును బలవంతం చేయలేరు. అది హక్కు కాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే కొనేవాడిని వెంటబెట్టుకొని వెళ్ళిన ఆసామీకీ, ఉత్త చేతులతో వెళ్ళిన ఆసామీకీ తేడా ఉంటుంది. వదిలేసే మొత్తం ఎంతో, ఆ పైన ఖాతాదారు మీద గాని హామీదారు మీద గాని దావా ఉండదని, బ్యాంకు లేఖలో స్పష్టంగా రాయించుకోవాలి. ఉత్త 'ఖాతా మూసివేత' అన్న మాట చాలదు. రాజీ తరువాత అదే బ్యాంకులో కొత్త అప్పుకు కనీసం 12 నెలలు ఆగాలన్నది 2023 జూన్ నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. వ్యవసాయ రుణాల సంగతి వేరు.

ఉక్కు నగరంలో ఈ బెడద రెండు విధాల వచ్చింది. ఉక్కు కర్మాగారంలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2024లో జీతాలు ఆలస్యమయ్యాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ వచ్చింది గాని, నడుమ తప్పిన వాయిదాలకు వడ్డీ ఆగలేదు. రెండోది మన వర్తకులది. కొట్టుకు క్యాష్ క్రెడిట్ తీసుకుంటూ భార్య పేరిటో, అన్నగారి పేరిటో ఉన్న ఇంటిని హామీగా పెడతారు. సరుకు కదలదు, ఖాతా పరిమితి దాటుతుంది, నోటీసు ఇంటికి వస్తుంది. ముందు కొట్టులోని సరుకు అమ్ముకోమని హామీదారు అడగడానికి వీల్లేదు. బ్యాంకు నేరుగా ఆ ఇంటి మీదకే రావచ్చు.

మధ్యవర్తులు గమనించవలసిన సంగతి: 13(2) నోటీసు అందిన తరువాత బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మడానికి లేదు. బయానా తీసుకొని ఒప్పందం రాసుకుంటే చిక్కుల్లో పడేది కొనేవాడే. కాబట్టి అనుమతి లేఖ ముందు, బయానా తరువాత. సొమ్ము అమ్మేవాడి చేతికి కాక నేరుగా అప్పు ఖాతాలో పడాలి. బాకీ తీరిన 30 రోజుల్లో దస్తావేజులు ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు బ్యాంకు చెల్లించాలి గాని, ఇది ఇంటి అప్పు వంటి వ్యక్తిగత రుణాలకే; వ్యాపార రుణాలకు వర్తించదు.

వేలంలో పాడదలచినవారికి కూడా ఒక మాట. పాట ఖాయమైన రోజునో, మరుసటి పనిదినానో ధరావతుతో కలిపి 25 శాతం కట్టాలి. మిగతాది 15 రోజుల్లో. రాతపూర్వకంగా గడువు పెంచినా మూడు నెలలకు మించదు. బ్యాంకు రుణం మంజూరు కాలేదని ఆగితే ఆ 25 శాతం మొత్తం జప్తు. అలా జప్తు చేయడం సబబేనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.