లెక్కల మాస్టారు, మన సీమ యాస: జయప్రకాశ్ రెడ్డి గారి కథ

ఓర్వకల్లు నుంచి మీ వాడిని మళ్లీ వచ్చేసినా.

ఈరోజు ఒక చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. 1946లో పుట్టినాడు. ముందు వేరే ఉద్యోగం చేసుకుంటూ, తర్వాత స్టేజీ మీద పేరు తెచ్చుకున్నాడు. మొదటి సినిమా 1988లో, నలభై దాటినాక. విలన్‌గా భయపెట్టినాడు. గొంతు వింటే చాలు, ఎవరో చెప్పేస్తాం. ఎవరు?

హ్యారీ పాటర్ ఫ్యాన్స్ అయితే "అలన్ రిక్‌మన్, మన స్నేప్" అంటారు. కరెక్టే. ఆయన లండన్‌లో గ్రాఫిక్ డిజైనర్. 26 ఏళ్లకు ఆ పని వదిలి యాక్టింగ్ స్కూల్‌లో చేరినాడు. మొదటి సినిమా 'డై హార్డ్', 1988.

కానీ ఇదే లెక్క ఇంకొకాయనకూ సరిపోతుంది. ఆయన మనోడే. మా ఓర్వకల్లు నుంచి హైవే పట్టుకుని నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు పోతే సిరివెళ్ల వస్తుంది కదా, ఆ ప్రాంతంలోనే పుట్టినాడు. జయప్రకాశ్ రెడ్డి గారు.

నాన్న పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. ఈయన మాత్రం లెక్కల మాస్టారు. గుంటూరులో పాఠాలు చెప్పుకుంటా నాటకాలు ఆడేవాడు. దాసరి నారాయణరావు గారు ఆయన్ను ఒక నాటకంలో చూసి రామానాయుడు గారికి చెప్పినారు. అట్ల వచ్చిందే 'బ్రహ్మపుత్రుడు', 1988. హీరో వెంకటేష్.

ఒక్క సినిమాతో లైఫ్ సెట్ అయిందనుకుంటాండారా? కాలే. చిన్న చిన్న వేషాలు వచ్చినాయి, కానీ వాటితో ఇల్లు గడవాలి కదా. మళ్లీ పోయి పాఠాలు చెప్పుకున్నాడు. అసలు బ్రేక్ 1997లో, 'ప్రేమించుకుందాం రా'తో. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు! ఆ తర్వాత 1999లో 'సమరసింహారెడ్డి', 2000లో 'జయం మనదేరా', 2001లో 'నరసింహనాయుడు'.

ఇక్కడ ఏం మారిందో చూడండి. అంతకుముందు సినిమా తెలుగు అంటే ఎక్కువగా కృష్ణా, గుంటూరు మాటే. ఈయన నోరు తెరిస్తే మా ఊరి రచ్చకట్ట మీద పెద్దాయన మాట్లాడినట్లే ఉండేది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ కత్తితో కోసినట్లు ఆపాలో, అంతా పర్ఫెక్ట్. నేర్చుకుని అప్పజెప్పినట్లు ఉండదు.

సరే, ఇప్పుడు నా గొడవ. బీటెక్ అయినాక సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినా. మొదటి వారం టీమ్ మీటింగ్‌లో నోరు జారి "ఆ ఫైల్ యాడుంది?" అన్నా. అంతే. "బ్రో, బ్యాగ్‌లో బాంబులున్నాయా?" అన్నాడొకడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. ఆరోజు నుంచి "యాడ" పోయి "ఎక్కడ" వచ్చింది. రెండేళ్లకు ఫోన్‌లో మా అవ్వ అడిగింది: "ఏమిరా, ఎవరో పరాయోని మాదిరి మాట్లాడ్తాండావే?"

అప్పట్లో నాకు జయప్రకాశ్ రెడ్డి గారి మీదే కోపం. ఈయన వల్లే కదా మా మాట అంటే సుమోలు, బాంబులు గుర్తొస్తాయి అని. కానీ కథలు రాసింది ఆయన కాదు. కరువు, జొన్న చేను, పొదుపు సంఘాలతో పేరు తెచ్చుకున్న మా ఓర్వకల్లు ఆడోళ్లు, ఇవేవీ ఆ కథల్లో లేవు. ఆయన చేతికి ఇచ్చింది విలన్ వేషం. ఆయన దానికి మన నిజమైన మాట ఇచ్చినాడు.

ఇంకోటి. అదే యాసతో తర్వాత మనల్ని పడీపడీ నవ్వించినాడు. 'ఎవడి గోల వాడిది', 'ఢీ', 'రెడీ' చూడండి. భయపెట్టిన గొంతే, ఇప్పుడు నవ్వు ఆగదు. అంటే భయం యాసలో లేదన్నమాట, వేషంలో ఉంది. దీన్ని తెరమీద చూపించింది కూడా ఆయనే.

స్టేజీని మాత్రం వదల్లేదు. 'అలెగ్జాండర్' అని ఒక నాటకం. మొదటి నుంచి చివరి దాకా స్టేజీ మీద ఆయన ఒక్కడే. గంటన్నరకు పైగా ఒక్క మనిషే జనాన్ని కూర్చోబెట్టాలంటే మాటలా?

2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లో కనిపించినాడు. కథ జరిగేది మన కర్నూల్లోనే. అదే ఏడాది సెప్టెంబర్ 8న గుంటూరులో, ఇంట్లోనే గుండెపోటుతో పోయినాడు. కరోనా రోజులు, చివరి చూపుకు పోలేకపోయిన అభిమానులు ఎంతమందో.

ఫస్ట్ వీడియో చేసేటప్పుడు నేను రెండు టేకులు తీసినా. ఒకటి "ఎక్కడ"తో, ఒకటి "యాడ"తో. ఏది అప్‌లోడ్ చేసినానో మీకు తెలుసు. మీ ఊరి మాట వల్ల మిమ్మల్ని ఎవరైనా నవ్వినారా? కామెంట్లో రాయండి, మీ యాసలోనే రాయండి. ఉంటా మరి, పోయొస్తా.