మీ బోరు నీళ్ల రిపోర్టు మీరే చదవండి

పర్ణశాల చుట్టుపక్కల పల్లెల్లో బోరు నీళ్లు తాగేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇవి తాగొచ్చా సార్?’

జవాబు ఐఎస్ 10500 ప్రమాణంలో ఉంది. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము. వేరే నీటి వసతి లేకుంటే 1.5. నైట్రేట్ 45 దాటకూడదు. కోలిఫాం బ్యాక్టీరియా అసలే ఉండకూడదు.

ప్రభుత్వ పత్రమే అయినా, కాపీరైట్ తనదంటూ భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) దీన్ని ఏళ్లపాటు అమ్మింది. అమెరికాకు చెందిన కార్ల్ మలముద్ ఇలాంటి ప్రమాణాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడంతో వివాదమైంది. 2015లో ఆయన, పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ తదితరులు ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. మంచినీళ్ల హద్దులు తెలుసుకోవడానికి కోర్టు మెట్లెక్కాలా!

ఇప్పుడు బీఐఎస్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగానే దొరుకుతుంది. మీ రిపోర్టు పక్కన పెట్టి చూసుకోండి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు వేరే నీళ్లే వాడండి.