ధ్రువం అంచున ఒక పహాణీ తగాదా

హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే యాభై కిలోమీటర్ల దూరంలో షాద్‌నగర్. పాత పాలమూరు జిల్లాలోని ఈ ఊరి దగ్గర పెద్ద పెద్ద డిష్ యాంటెన్నాలు ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 1979 నుంచి ఇక్కడ ఉపగ్రహాల సమాచారం అందుకుంటోంది. కానీ వీటికో ఇబ్బంది ఉంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు ఎక్కువగా ధ్రువాల మీదుగా రోజుకు పద్నాలుగు చుట్లు తిరుగుతాయి. కింద భూమి కూడా తిరుగుతుంటుంది కాబట్టి అవి షాద్‌నగర్‌కు చిక్కేది రోజుకు మూడు నాలుగు సార్లే. చిక్కినప్పుడు కూడా పదీ పన్నెండు నిమిషాలే. అదే యాంటెన్నా ఉత్తర ధ్రువం దగ్గర ఉంటే? ప్రతి చుట్టులోనూ ఉపగ్రహం దాని కంటబడి తీరాల్సిందే.

అలాంటి చోటే స్వాల్‌బార్డ్ దీవులు. నార్వేకు ఉత్తరాన, దాదాపు 61 వేల చదరపు కిలోమీటర్ల మంచు నేల. ముఖ్య పట్టణం లాంగియర్‌బియెన్‌లో జనం రెండున్నర వేలు. అక్కడ కొండ మీద 1997 నుంచి నడుస్తున్న స్వాల్‌శాట్ కేంద్రంలో ఇప్పుడు వందకు పైగా యాంటెన్నాలున్నాయి. మన ఓషన్‌శాట్-2 (2009), స్కాట్‌శాట్-1 (2016) ఉపగ్రహాలు సముద్రం మీద గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో కొలిచి అక్కడ కూడా దించేవి. ఆ లెక్కలు మన దగ్గరికి చేరి తుఫాను హెచ్చరికలకు ముడిసరుకయ్యేవి.

మన సొత్తు అక్కడ ఇంకొకటి కూడా ఉంది: విత్తనాలు. 2008 ఫిబ్రవరిలో లాంగియర్‌బియెన్ పక్కన కొండను తొలిచి ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన దగ్గరున్న జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ నమూనాలను వేల సంఖ్యలో డబ్బాల్లో సీలు వేసి అక్కడికి పంపింది. నల్గొండ, పాలమూరు మెట్ట చేలలో పండే పంటలే ఇవన్నీ. గది నార్వేది, డబ్బా మాత్రం పంపినవారిదే. సీలు విప్పే హక్కు వాళ్లకు తప్ప ఎవరికీ లేదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి తన జన్యుబ్యాంకుకు దూరమైన ఇకార్డా సంస్థ 2015లో తన డబ్బాలను తిరిగి తీసుకుంది కూడా.

విత్తనాల దగ్గర ఇంత తేటగా ఉన్న లెక్క దీవుల దగ్గరికి వచ్చేసరికి చిక్కుపడింది.

మొదటి ప్రపంచ యుద్ధం దాకా స్వాల్‌బార్డ్ ఎవరిదీ కాదు. తిమింగలాల వేటగాళ్లు వచ్చారు, బొగ్గు కంపెనీలు వచ్చాయి, ఎవరికి దొరికింది వాళ్లు తవ్వుకున్నారు. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో కుదిరిన ఒప్పందం దీనికి ఒక పద్ధతి తెచ్చింది. దీవుల మీద పూర్తి సార్వభౌమాధికారం నార్వేదే. అయితే సంతకం పెట్టిన దేశాల పౌరులందరికీ చేపలు పట్టడానికి, వేటాడటానికి, గనులు తవ్వడానికి సమాన హక్కు. మన పాత పహాణీ భాషలో పట్టాదారు కాలమ్‌లో నార్వే పేరు, అనుభవదారు కాలమ్‌లో అందరి పేర్లు. ఇలాంటి పహాణీ ఉన్న ఊళ్లో తగాదా ఎప్పుడు పుడుతుందో తెలంగాణ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సంతకాల్లో ఇండియాదీ ఉంది. బ్రిటన్ రాయబారి లార్డ్ డెర్బీ మన తరఫున కూడా చేవ్రాలు చేశాడు. నల్గొండ, పాలమూరు అప్పటికి నిజాం ఏలుబడిలో ఉన్నాయి. ధ్రువం దగ్గర తమ పిల్లల పిల్లలకు ఒక హక్కు రాసిపెట్టారని ఇక్కడెవరికీ తెలిసి ఉండదు.

ఒప్పందంలో తొమ్మిదో అధికరణం అసలు గుండెకాయ. దీవుల్లో నార్వే నౌకాదళ స్థావరం కట్టకూడదు, కట్టనివ్వకూడదు, కోటలు లేపకూడదు, ఆ నేలను యుద్ధ అవసరాలకు వాడకూడదు. కాగితం మీద బాగానే ఉంది. 1943 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌకలు టిర్పిట్జ్, షార్న్‌హార్స్ట్ వచ్చి లాంగియర్‌బియెన్, బారెంట్స్‌బర్గ్‌లను తగలబెట్టిపోయాయి. మరుసటి ఏడు సోవియట్ మంత్రి మొలొటోవ్ ఆ ఒప్పందాన్ని చించేసి దీవుల రక్షణ ఇద్దరం చూసుకుందామని నార్వేను అడిగాడు. నార్వే తప్పించుకుంది.

రష్యాకు ఈ ఆరాటం ఎందుకంటే దాని ఉత్తర నౌకాదళం, అణు జలాంతర్గాములు కోలా ద్వీపకల్పంలో ఉంటాయి. అవి అట్లాంటిక్‌లోకి రావాలంటే నార్వే ఉత్తర కొసకూ స్వాల్‌బార్డ్‌కూ మధ్య ఉన్న సముద్రం దాటాలి. సముద్రమే కనిపించని మన వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో జలాంతర్గాములతో మాట్లాడే నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. చుట్టూ సముద్రమే ఉన్న స్వాల్‌బార్డ్‌లో అలాంటిది కడితే మాత్రం ఒప్పందం తెగినట్టే. యాంటెన్నాల మీద పేచీ కూడా ఇక్కడే మొదలవుతుంది. వాతావరణం చూసే ఉపగ్రహం యుద్ధనౌకను కూడా చూడగలదు. స్వాల్‌శాట్‌ను సైనిక అవసరాలకు వాడకూడదన్న షరతుతోనే అనుమతిస్తున్నామని నార్వే అంటుంది, రష్యా నమ్మదు. దీవులను సైనికమయం చేస్తున్నారంటూ 2025 మార్చిలో నార్వే రాయబారిని పిలిపించి మరీ నిలదీసింది.

అన్నిటికన్నా పెద్ద గొడవ నీళ్ల మీద. ఒప్పందం రాసిన కాలంలో దేశాల ప్రాదేశిక జలాలంటే ఒడ్డు నుంచి కొద్ది మైళ్లే, రెండు వందల మైళ్ల ఊసే లేదు. 1977లో నార్వే స్వాల్‌బార్డ్ చుట్టూ 200 నాటికల్ మైళ్ల చేపల రక్షణ మండలం గీసింది. సమాన హక్కులు ప్రాదేశిక జలాలతోనే సరి, ఆ బయట అంతా తనదే అని నార్వే వాదన. నేల మీద సమాన హక్కిచ్చి, ఆ నేల వల్ల వచ్చిన నీళ్లలో మాత్రం లేదంటే ఎలా అని మిగతావాళ్ల ప్రశ్న. రష్యా అయితే ఆ మండలాన్నే ఒప్పుకోదు.

2005 అక్టోబరులో ఎలెక్ట్రాన్ అనే రష్యన్ చేపల ఓడను నార్వే తీరరక్షక దళం ఆ మండలంలో ఆపింది. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి ఎక్కారు. కెప్టెన్ వాళ్లను అలాగే ఉంచుకుని రష్యా వైపు పరుగు తీశాడు! తుఫానులో రోజుల తరబడి వెంటాడినా ఓడ చిక్కలేదు. తర్వాత ఇన్‌స్పెక్టర్లు క్షేమంగా తిరిగొచ్చారు. రష్యా కోర్టు కెప్టెన్‌ను అక్రమంగా చేపలు పట్టినందుకు శిక్షించి, అపహరణ కేసు మాత్రం కొట్టేసింది.

2017 జనవరిలో మంచు పీత వంతు వచ్చింది. యూరోపియన్ యూనియన్ లైసెన్సుతో పీతలు పడుతున్న లాత్వియా ఓడ సెనేటర్‌ను నార్వే పట్టుకుంది. పీత సముద్రపు అడుగున పాకుతుంది. అడుగు మీద హక్కు ఎవరిదైతే రేపు అక్కడ చమురు పడినా వాళ్లదే, కాబట్టి పైకి పీత వ్యాజ్యమైనా లోపల నడిచింది చమురు వ్యాజ్యం. ప్రాదేశిక జలాల బయట ఒప్పందం వర్తించదని 2023 మార్చిలో నార్వే సుప్రీంకోర్టు తేల్చింది. తన పట్టా కేసులో తన కోర్టు తీర్పు! మిగతా దేశాలు దాన్ని ఆఖరి మాటగా తీసుకుంటాయని అనుకోవడం కష్టం.

యుక్రెయిన్ యుద్ధానికి కాస్త ముందు నుంచే పరిస్థితి మరింత బిగిసింది. 2022 జనవరిలో దీవులను నార్వేతో కలిపే రెండు సముద్రగర్భ కేబుళ్లలో ఒకటి దెబ్బతింది. రష్యన్ చేపల ఓడల మీద అనుమానం పడినా పోలీసులు చాలినన్ని రుజువులు దొరక్క కేసు మూసేశారు. అదే ఏడు వేసవిలో బారెంట్స్‌బర్గ్‌లోని రష్యన్ గని ఊరికి వెళ్లే సరుకు కంటెయినర్లు ఆంక్షల పేరుతో నార్వే సరిహద్దులో ఆగిపోయి, రష్యా గొంతు పెంచాక వేరే దారిన కదిలాయి. 2024లో దీవుల్లోని ఒక ప్రైవేటు స్థలం 30 కోట్ల యూరోలకు అమ్మకానికి వస్తే, చైనా చేతికి పోతుందేమోనన్న బెంగతో నార్వే ప్రభుత్వం తన అనుమతి లేకుండా అమ్మరాదని కట్టడి చేసింది.

మన దేశానికి స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉంది. అది నీ-ఆలెసుండ్ అనే ఊళ్లో, ధ్రువానికి 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. సున్నితమైన పరికరాలకు అడ్డొస్తాయని ఆ ఊళ్లో వైఫై కూడా వాడనివ్వరు. 2023 డిసెంబరులో మనవాళ్లు మొదటిసారి చలికాలపు చీకట్లో కూడా అక్కడ పని మొదలుపెట్టారు. 2022లో భారత్ ఆర్కిటిక్ విధానం కూడా ప్రకటించింది. ఇన్ని ఉన్నాక సంతకందారుగా ఆ నీళ్లలో మన హక్కు ఎంతవరకో ఢిల్లీ నోరు విప్పి చెప్పడమే మంచిది. తగాదా ముదిరాక చెప్పే మాటకు విలువ తక్కువ.

పాఠకుల్లో ఎవరికైనా అటు మనసు పోతే ఒక సంగతి. స్వాల్‌బార్డ్‌లో ఉండటానికి, పని చేసుకోవడానికి వీసా అడగరు. కానీ దారి నార్వే మీదుగా కాబట్టి రెండుసార్లు ప్రవేశం ఉన్న షెంగెన్ వీసా ఉండాలి. ఉద్యోగం, ఇల్లు ముందే చూసుకుని వెళ్లాలి. సొంతంగా బతకలేనివాళ్లను వెనక్కి పంపే అధికారం అక్కడి గవర్నర్‌కు ఉంది.