చిన్న బొమ్మకు ఏ కుంచె మంచిది?

సెలవుల్లో మీ పిల్లలు బంకమట్టితో బొమ్మలు చేస్తుంటారా? కిందటి వేసవిలో మా పిల్లలు చేశారు. బొటనవేలంత రైతు, అగ్గిపెట్టెలో పట్టే ఎడ్లబండి, నుయ్యి, గడ్డివామి, ఇలా ఒక చిన్న పల్లెటూరే తయారైంది. మట్టి ఆరిన తర్వాత రంగులు, కుంచెలు కొనడానికి పట్నం వెళ్లాము.

చిన్న బొమ్మ కదా అని అన్నిటికన్నా సన్నని మూడు సున్నాల కుంచె తెచ్చాము. అదే మా పొరపాటు. అంత సన్నని కుంచెలో రంగు నిలవదు. అక్రిలిక్ రంగు బొమ్మను చేరేలోగానే కొసన ఎండిపోయేది. రైతు పంచెకు అంచు గీయబోతే చుక్కలు పడ్డాయి.

కుంచెకు పొట్ట, మొన రెండూ కావాలని అప్పుడు తెలుసుకున్నాము. పొట్ట రంగును నిలుపుకొంటుంది, మొన గీత గీస్తుంది. మొన వాడిగా ఉంటే 1 లేక 2 నంబరు గుండ్రని కుంచెతోనే చాలా పని అయిపోతుంది. కళ్లకు, మీసాలకు మాత్రం 0 నంబరు ఉంచుకోండి. అన్ని కంపెనీల నంబర్లూ ఒకే కొలతలో ఉండవు గనుక కంటితో చూసి కొనండి.

కొత్త కుంచెకు జిగురు పట్టించి మొన నిలబెడతారు. కాబట్టి పొడిగా చూసి నమ్మవద్దు. దుకాణదారుని అడిగి నీళ్లలో ముంచి, జిగురు పోయాక ఒకసారి విదిలించండి. వెంట్రుకలన్నీ ఒకే మొనకు వస్తే మంచిది. రెండుగా చీలితే పక్కన పెట్టండి.

మరొక సంగతి చెప్పక తప్పదు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక దుకాణదారుడు లోపలినుంచి ఖరీదైన కుంచె తెచ్చి చూపించాడు. వెంట్రుకల కొసలు ముదురు గోధుమరంగు, నడుమ లేత రంగు, మొదట మళ్లీ ముదురు రంగు. ఏమి వెంట్రుకలని అడిగితే ముంగిసవి అన్నాడు. ఆ వెంట్రుకల కోసం ముంగిసలను చంపుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, ఆ కుంచెలు అమ్మడమూ నేరమే. చేలగట్ల మీద ఎలుకలను, పాములను పట్టే ముంగిసను ఎరుగని రైతు ఎవరు?

"అమ్మా, మట్టి ఎద్దుకు కన్ను పెట్టడానికి నిజం ముంగిసను చంపాలా?" అని మా చిన్నమ్మాయి అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ కుంచె తిరిగి ఇచ్చేసి, సింథటిక్ కుంచెలు రెండు కొన్నాము. కొండపల్లి బొమ్మలకు మేక వెంట్రుకల కుంచెలతో రంగులు వేస్తారు. మంచి పనికి ముంగిస ప్రాణం అక్కరలేదు.

కొన్న కుంచెను కాపాడుకోవడం మన చేతిలో ఉంది. వెంట్రుకలను పట్టి ఉంచే రేకులోకి రంగు ఎక్కనివ్వకండి. నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి వదలకండి. పని కాగానే చల్లని నీళ్లతో, సబ్బుతో కడిగి, వేళ్లతో మొన సరిచేసి పడుకోబెట్టండి. రంగులు కలపడానికి పాత కుంచె వాడండి.

మా పల్లెటూరు ఇప్పుడు అలమారలో ఉంది. ఎద్దు కన్ను కొంచెం వంకరగా వచ్చింది. అయినా దానిని చూసినప్పుడల్లా మాకు సంతోషమే.