చిన్న డిగ్రీ... పెద్ద పని

మద్రాసు మెడికల్ కాలేజీలో ఒక విద్యార్థి ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్లో అడుగుపెట్టాడు. గాంధీగారి మాట విని విదేశీ బట్ట మానేసిన కుర్రాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు ఆ గౌను కంటగింపైంది. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్. ఒక మెట్టు కింది డిగ్రీ. ఆ పట్టా పట్టుకుని మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి తిరిగితే అదీ దక్కలేదు.

ఆ కుర్రాడిది భీమవరం. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

గోదావరి జిల్లాల్లో ఇప్పుడు డిగ్రీ లేని ఇల్లు వెతుక్కోవాలి. భీమవరం, కాకినాడ, సూరంపాలెం, రాజమండ్రి... ఎటు చూసినా కాలేజీ బస్సులే. అయినా బీటెక్ అయి రెండేళ్లు దాటిన కుర్రాడు బంధువుల పెళ్లికి వెళ్లడం మానేస్తున్నాడు. పందిట్లో ఎదురయ్యే ప్రతి బాబాయిదీ ఒకటే ప్రశ్న: "ఏరా అబ్బాయ్, ఇంకా ఖాళీయేనా?" ఆడపిల్లకైతే ఆ ప్రశ్న కూడా ఉండదు, నేరుగా సంబంధాల మాటే. బ్యాక్‌లాగులు, కోచింగ్ ఫీజులు, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు, అమీర్‌పేట హాస్టల్ గదులు. ఈ మధ్యకాలాన్ని మనవాళ్లు 'ఖాళీ' అంటారు. ఆ మాట నాకు ఎప్పుడు విన్నా కష్టంగానే ఉంటుంది. సుబ్బారావుగారి జీవితంలో అలాంటి 'ఖాళీ' ఏళ్లు చాలానే ఉన్నాయి. వాటిని కాస్త దగ్గరగా చూడాలనే ఈ కథనం.

ఆయన మొదటి నుంచీ ర్యాంకుల పిల్లాడు కాదు. 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూలో చిరుద్యోగి. ఆరోగ్యం చెడి ముందే ఉద్యోగం వదులుకున్నారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. రాజమండ్రిలో బడికి వేస్తే, ఈ అబ్బాయి కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బొస్తుందని లెక్కలేసి ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ పుస్తకాల ముందు కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ససేమిరా అంది. మఠం వాళ్లు కూడా ముందు వైద్యం చదువుకోమన్నారు. మామగారి ఆర్థిక సాయంతో చదువు సాగింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు, స్ప్రూ. తిన్నది ఒంటబట్టకుండా విరేచనాలతో మనిషిని శుష్కింపజేసే రోగం. అప్పుడు దానికి మందు లేదు.

ఎల్ఎంఎస్ చేతబట్టుకున్న సుబ్బారావుకు దొరికిన ఉద్యోగం ఏమిటంటే, మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పడం. అల్లోపతీ చదివిన డాక్టరుకు అదేమంత గొప్ప కొలువు కాదని అనుకునేవాళ్లు ఉంటారు. ఆయన మాత్రం అక్కడ మనసుపెట్టి పనిచేశారు. ఆయుర్వేద మందుల్లో ఉన్నదేమిటో ఆధునిక పద్ధతిలో తేల్చాలన్న ఆసక్తి అక్కడే పట్టుకుంది. అమెరికా నుంచి వచ్చిన ఒక డాక్టరు పరిచయంతో ఆ ఆసక్తి సముద్రం దాటాలన్న కోరికగా మారింది.

కోరికకు టిక్కెట్టు ఎవరు కొనిస్తారు? ఇక్కడ ఒక పేరు తప్పక చెప్పుకోవాలి. మల్లాడి సత్యలింగ నాయకర్. కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్లి, వ్యాపారంలో గడించి, ఆస్తిని ధర్మానికి రాసిపోయిన మనిషి. కాకినాడలో ఆయన పేరిట ఏర్పడిన ధర్మసంస్థ సుబ్బారావుకు సాయం చేస్తామని మాటిచ్చింది. మిగతాది మామగారు కూడగట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, వైద్యంలో చిన్న డిగ్రీతో సరిపెట్టుకుని, సర్కారు ఉద్యోగం రాని కుర్రాడి మీద డబ్బు పెట్టడమంటే మాటలా! ఆ సాయం లేకపోతే ఈ కథ మద్రాసులోనే ఆగిపోయేది.

1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటైతే ఉంది గానీ స్కాలర్‌షిప్పు లేదు. మన ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో పోర్టరుగా కుదిరారు. రోగుల బెడ్‌పాన్లు తీసి కడగడం ఆ పనిలో భాగం. పొట్టకూటికి ఆ పని చేస్తూనే డిప్లమా పూర్తిచేశారు.

తర్వాత సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్త దగ్గర చేరారు. అక్కడ దొరికిన పని పైకి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో సరిగ్గా కొలవడం. పరీక్షించాల్సిన ద్రవంలో మాలిబ్డేట్, ఆమ్లం కలుపుతారు. దానికి మరో రసాయనం చేరిస్తే, ఉతికిన పంచెను ముంచడానికి బకెట్లో కలిపిన నీలిమందు నీళ్లలా ద్రవం నీలిరంగుకు తిరుగుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ముందే లెక్క తెలిసిన ద్రవం పక్కన పెట్టి, రెండు రంగులూ పోల్చి చూస్తే కొలత తేలిపోతుంది. 1925లో అచ్చయిన ఈ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా జీవరసాయన శాస్త్రం పాఠాల్లో స్థిరపడింది. బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన మన పిల్లల్లో చాలామంది ల్యాబులో ఆ నీలిరంగు చూసే ఉంటారు. ఆ రెండో పేరు మన భీమవరం మనిషిదని వాళ్లలో ఎంతమందికి చెప్పారో!

ఆ కొలత చేతిలో ఉండబట్టే మిగతావన్నీ సాధ్యమయ్యాయి. కండరాల్లో భాస్వరాన్ని లెక్కగడుతూ పోతుంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. మనం చెయ్యి ఎత్తాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఖర్చయ్యే శక్తి ఏటీపీదే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. సుబ్బారావుగారు 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకున్నారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. బోస్టన్‌లోనూ మద్రాసు కథే. అప్పటికి ఆయన నలభయ్యో పడిలో ఉన్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు.

అక్కడి నుంచి ఎనిమిదేళ్లు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు ఇవాళ ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకి వాడేదీ అదే. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలను కూడా వాళ్లే తయారుచేసి పంపితే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని రక్తకేన్సర్ పిల్లల మీద ప్రయోగించి 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కేన్సర్‌కూ, కీళ్లవాతానికీ నేటికీ రాస్తున్నారు. టెట్రాసైక్లిన్ జాతిలో తొలి మందు ఆరియోమైసిన్ కూడా ఆయన పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లో వచ్చిందే.

1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

ఇంకో సంగతి దాచిపెట్టి ఆయన కథ పిల్లలకు చెప్పడం న్యాయం కాదు. వెళ్లిన మనిషి మళ్లీ ఊరు చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య శేషగిరి ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. అంత మూల్యం చెల్లించమని నేను ఏ కుర్రాడికీ చెప్పను. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 'ఖాళీ' ఏళ్లలో ఆయన చేతులు ఒక్కరోజూ ఖాళీగా లేవు. మనసుకు నచ్చిన పని కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. దొరికిన పనిలో ఒక్క మెలకువను ఎవరూ వంక పెట్టలేనంతగా పట్టుకున్నారు. బీటెక్ కుర్రాడికి అది రొయ్యల చెరువు నీటి పరీక్ష కావచ్చు, ఆక్వా ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ కావచ్చు, ఒక చిన్న సంస్థ లెక్కల సాఫ్ట్‌వేర్ కావచ్చు. చిన్నదే, కానీ దాని మీద పట్టు మనదై ఉండాలి.

ఇక పెద్దలకో మాట. కల్యాణమండపాలకూ గుడి గోపురాలకూ చందాలిచ్చే చేయి మనది. ఆ చేత్తోనే ఊళ్లో ఒక పిల్లకో పిల్లాడికో ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు ఇచ్చి చూడండి. మార్కుల మెమో అడక్కండి. రంగూన్‌లో గడించిన డబ్బు ఒక మూడో ప్రయత్నం కుర్రాడిని ఎక్కడికి చేర్చిందో చూశాం కదా.

సుబ్బారావుగారు బడికి వెళ్లిన రాజమండ్రిలో ఇప్పుడు ఫైలేరియా మీద ప్రభుత్వ పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది. తరాలుగా మన డెల్టాను పీడించిన బోదకాలును తరిమేందుకు, ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 2004లో మొదలైంది. ఆరోగ్య కార్యకర్త గుమ్మంలో నిలబడి, మంచినీళ్లు తెమ్మని, ఎదుటే మింగించే ఆ మాత్రల్లో ఒకటి డీఈసీ. 1947లో దాన్ని వెలుగులోకి తెచ్చింది సుబ్బారావుగారి బృందమే.