నా మొదటి అనువాదం

కలకత్తాకు తూర్పున ఉన్న ఉప్పునీటి చిత్తడి నేలలను హుగ్లీ నది మేటతో పూడ్చి నిర్మించిన పట్టణం సాల్ట్ లేక్. పూడ్చే పని 1962లో ప్రారంభమైంది. నమూనా గీసినవాడు యుగోస్లావియా దేశస్థుడైన తోష్కోవిచ్. 1987 ప్రాంతంలో, నాకు ఏడెనిమిదేళ్ళ వయసులో, మేము అక్కడొక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. రాజమండ్రి నుంచి వచ్చిన మా నాయనమ్మకు బెంగాలీ రాదు, హిందీ రాదు. ఇరుగుపొరుగుతో చిరునవ్వులే సంభాషణ. దూరదర్శన్ ముందు కూర్చున్నప్పుడు ఆమెకు నేనే దుబాసీని.

ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘మాల్గుడి డేస్’. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ ధారావాహికగా చిత్రించారు. స్వామిగా మాస్టర్ మంజునాథ్, తండ్రిగా గిరీష్ కర్నాడ్ నటించారు. స్వామి బామ్మ పక్కన పడుకొనే పిల్లవాడు కావటం చేత, మా నాయనమ్మ వాణ్ణి కూడా తన మనవల లెక్కలో వేసుకుంది.

ఒకనాడు ‘హీరో’ కథ వచ్చింది. పులితో పోరాడిన కుర్రవాడి వార్త పత్రికలో చదివిన తండ్రి, ధైర్యముంటే ఈ రాత్రి నా ఆఫీసు గదిలో ఒంటరిగా పడుకో అంటాడు. స్వామి పెందలాడే బామ్మ పక్కన చేరి నిద్ర నటిస్తాడు. తండ్రి వచ్చి దుప్పటి లాగేస్తాడు.

అక్కడ నా నోరు తడబడింది. దానికి కారణముంది. విశ్వకర్మ పూజనాడు కలకత్తాలో ఏ మేడమీద చూసినా గాలిపటాలే. ఆ ఏడు నా గాలిపటం దారం మా యాంటెన్నాకు చుట్టుకుంది. బలంగా గుంజాను. యాంటెన్నా పక్కకు తిరిగింది. ఆనాటి నుంచి బొమ్మ మీద చీమలు పాకినట్టు చుక్కలు. నాన్నగారు అడిగితే కాకి వాలిందన్నాను. తీరిక దొరికినప్పుడు చూద్దామని ఆయన వాయిదా వేస్తూ వచ్చారు. స్వామి దుప్పటిని కూడా మేము ఆ చుక్కల మధ్యనే చూస్తున్నాము.

“ఏమంటున్నాడ్రా వాళ్ళ నాన్న?”

“పాపం నిద్రపోతున్నాడు, లేపకండి అంటున్నాడు.”

“మరి దుప్పటి లాగుతాడేమిటి?”

“చలేస్తుందని సర్దుతున్నాడు.”

నాయనమ్మ మారు మాట్లాడలేదు.

(ఇలాంటి సర్దుబాట్లు పెద్దలూ చేస్తారని చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అమెరికాలో 1957 అక్టోబరులో మొదలైన ‘లీవ్ ఇట్ టు బీవర్’ అనే హాస్య ధారావాహికలో అన్నదమ్ములిద్దరు టపాలో మొసలి పిల్లను తెప్పించుకుని, అమ్మానాన్నలకు తెలియకుండా మరుగుదొడ్డి నీళ్ళ తొట్టిలో దాస్తారు. తొలుత ఆ భాగంతోనే ప్రారంభించాలనుకున్నారు. మరుగుదొడ్డి తెరమీద కనబడరాదని అభ్యంతరం వచ్చింది. చివరకు పైనుండే తొట్టిని మాత్రమే చూపి, రెండవ వారం ప్రసారం చేశారు. అనువాదమే వృత్తి అయిన నాకు ఆ తొట్టిని తలచుకున్నప్పుడల్లా స్వామి దుప్పటి జ్ఞాపకం వస్తుంది.)

మిగిలిన కథను నిజాయితీగానే చెప్పాను. ఆఫీసు గదిలో భయంతో ముడుచుకున్న స్వామి, చీకట్లో కదలిన ఆకారం కాలు కొరికేస్తాడు. ఆ ఆకారం దొంగ. పోలీసులు మెచ్చుకుంటారు. సాహసాన్ని తర్జుమా చేయటం సులభం.

ముగిసిన తరువాత నాయనమ్మ అంది: “బాగా చెప్పావు నాన్నా. ఆ దుప్పటి దగ్గరే కుదరలేదు. మాటలు హిందీవి గానీ, ఆ పిల్లాడి మొహం నాకు తెలుగులోనే కనబడింది.” కాసేపాగి, “వడియాలు పెట్టడానికి మేడెక్కినప్పుడు చూశాను. ఆ కమ్మీకి ఎర్రదారం ఇంకా వేలాడుతోంది. కాకి సంగతి మీ నాన్నకు నువ్వే మళ్ళీ తర్జుమా చేసి చెప్పు.”

నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి భోజనానికి కూర్చునేదాకా ఆగి, చెప్పాను. ఆయన మజ్జిగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కొని, ఆదివారం మేడమీదికి రమ్మన్నారు.

ఆదివారం ఆయన యాంటెన్నా తిప్పుతుంటే నేను మెట్ల మధ్య నిలబడ్డాను. కిందనుంచి నాయనమ్మ “వచ్చింది... అయ్యో, పోయింది! ఇంకొంచెం ఇటు!” అని కేకలు వేస్తోంది. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు పైకి అందించాను.