ఎవరి గొంతు అది?

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకి మొదట్లో అంతా కలిసొస్తున్నట్టే కనిపించింది. ఊళ్ళో అగ్రకులాలవాళ్ళు బంగళాకి వస్తున్నారు, కూర్చుని మాట్లాడుతున్నారు, పిల్లల చదువుల సంగతి కదుపుతున్నారు. పెద్దలు ముందు నమ్మితే తక్కిన ఊరు దానంతటదే వెనక వస్తుందని ఆనాటి మిషనరీల్లో చాలామంది లెక్క. అంతలో ఎర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగ పల్లెల నుంచి జనం బాప్తిస్మం కావాలంటూ వచ్చారు. పేరయ్య తోళ్ళ వ్యాపారి. క్రీస్తును నమ్మకముందు రాజయోగ సాధన చేసినవాడు. వీళ్ళను చేర్చుకుంటే తాము రామని పెద్దలు తేల్చి చెప్పేశారు.

క్లౌ తన గదిలోకి వెళ్ళాడు. భార్య హారియెట్ తన గదిలోకి వెళ్ళింది. పంచడానికి తెచ్చిపెట్టిన బైబిళ్ళలో చేతికందినది ఒకటి తీసి తెరిచాడాయన. ఎటూ తోచని మనిషి చేసే పనే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివరి భాగం కంటపడింది. దేవుడు జ్ఞానుల్నీ గొప్ప వంశాలవారినీ కాక, లోకం లెక్కలోకి తీసుకోనివాళ్ళను ఏరుకున్నాడని పౌలు రాసిన చోటది. అటు హారియెట్ కూడా అదే భాగం దగ్గర బైబిలు తెరిచి ఉంది. ఇద్దరికీ ఇంకేం మాట్లాడుకోవాల్సిన పని లేకపోయింది. పల్లెల నుంచి వచ్చినవాళ్ళను చేర్చుకున్నారు, పెద్దలు దూరం జరిగారు. క్లౌ చెప్పగా రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ రాసి, ఆయన పోయాక 1914లో అచ్చయిన జీవితకథలో ఈ సంగతి ఉంది.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా రెండు గదుల్లో ఒకే పేజీ తెరుచుకోవడం దగ్గర ఆగి, 'చూశారా అద్భుతం' అంటారు. నా మట్టుకు నాకు అందులో అద్భుతం వేరే చోట ఉంది. బైబిలు ఎక్కడ పడితే అక్కడ తెరిచి, కంటపడిన వచనాన్ని దేవుని జవాబు అనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. అలా తెరిస్తే యూదా ఉరి పోసుకున్న వచనం కూడా రావచ్చు. కానీ క్లౌకి వచ్చిన జవాబు ఆయన కోరుకున్నది కాదు. నష్టం తెచ్చే జవాబు అది, పైగా వెంటనే. అయినా దాన్ని తోసిపుచ్చలేదు. దేవుని స్వరం వినడం నేర్చుకోవాలనుకునే క్రైస్తవుడికి పాఠం అక్కడుంది.

అదే మనిషి తర్వాత ఏం చేశాడో కూడా చూడాలి. 1876లో ధాత కరువు వచ్చింది. ఇంజినీరింగు పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్ళకు లెక్కలేదు. క్లౌ ఇవ్వలేదు. గింజల కోసం వస్తున్నారో దేవుని కోసం వస్తున్నారో తేలాలి కదా! కరువు పనులు ముగిశాక, పంచడానికి డబ్బు లేదని చెప్పాక కూడా వచ్చినవాళ్ళకే 1878లో తలుపు తీశాడు. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఒకసారి వెంటనే లోబడినవాడు ఇంకోసారి నెలల తరబడి ఆగాడు.

ఇప్పుడు మన చర్చిల్లోకి వద్దాం. డిసెంబరు 31 రాత్రి, పన్నెండు దాటి కేకు కోయడం అయ్యాక, పళ్ళెంలో బోర్లా పరిచిన వాగ్దాన కార్డుల దగ్గర వరస కడతారు. కళ్ళు మూసుకుని ఒకటి లాగుతారు. ట్యూబ్‌లైటు కిందికి వెళ్ళి చదువుకుంటారు. 'నీకేం వచ్చింది పిన్నీ?' అని పక్కవాళ్ళ కార్డూ చూస్తారు. ఏడాదంతా అది బీరువా తలుపుకో ఆటో అద్దానికో అంటుకుని ఉంటుంది. దీన్ని ఎగతాళి చేయను. ఉద్యోగం రాని కుర్రాడికీ, పిల్లకు సంబంధం కుదరని తల్లికీ ఆ నాలుగు ముక్కలు ఏడాదిపాటు ఊతం. కానీ ఒకటి గమనించండి. ఆ పళ్ళెంలో మందలింపు కార్డు ఒక్కటి కూడా ఉండదు. 'నీ తమ్ముడికి రావాల్సిన వాటా ఇచ్చెయ్యి' అనే అర్థం వచ్చే కార్డు ఎవరూ అచ్చువేయించరు. ప్రవక్తల పుస్తకాల్లో సగానికి సగం గద్దింపులే అయినా, మన పళ్ళెంలోకి వచ్చేసరికి దేవుడికి దీవించడం తప్ప ఇంకో మాట రాదు.

ఎక్కువమందికి ఇష్టమైన కార్డు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడి ఆలోచనలు మన మేలు కోసమేననీ, ముందు మంచి కాలం ఉందనీ చెప్పే మాట. అది బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. సరిగ్గా దాని ముందు వచనంలో డెబ్బై ఏళ్ళు అని ఉంది. ఉత్తరం పైభాగంలో అక్కడే ఇళ్ళు కట్టుకోమనీ, తోటలు వేసుకోమనీ, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయమనీ, తమను చెరపట్టిన ఊరి క్షేమం కోసం ప్రార్థించమనీ ఉంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళు మళ్ళీ యెరూషలేము ముఖం చూడరు. రెండేళ్ళలో ఇంటికి పోతామని చెప్పిన ప్రవక్త కూడా ఉన్నాడు, హనన్యా అని. జనానికి నచ్చింది అతని మాటే. అది వట్టిదైంది.

ఆ గ్రంథంలోనే ఇంకో సంఘటన ఉంది, ప్రసంగాల్లో అరుదుగా వినిపిస్తుంది. యెరూషలేము పడిపోయింది, అధిపతి గెదల్యా హత్య జరిగింది, మిగిలిన జనం భయంతో ఐగుప్తుకు బయల్దేరి బేత్లెహేము దగ్గర ఆగారు. అక్కడ యిర్మీయాను పట్టుకుని, దేవుణ్ణి అడిగి చెప్పమన్నారు. మేలైనా కీడైనా వింటామని ఒట్టు పెట్టుకున్నారు. జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ప్రవక్తకే పది రోజులు! వచ్చిన జవాబు, ఇక్కడే ఉండండి, ఐగుప్తుకు పోవద్దు అని. అంతే, నువ్వు అబద్ధం చెబుతున్నావని మీద పడ్డారు. యిర్మీయాను కూడా వెంటబెట్టుకుని ఐగుప్తుకే పోయారు. మూటలు కట్టుకున్నాక అడిగిన ప్రార్థన అది. అమ్మాయిని చూసి, కట్నం మాట్లాడి, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చి, ఆ తర్వాత 'దేవుని చిత్తం ఏమిటో ప్రార్థన చేయండి అయ్యగారూ' అని పాస్టరు దగ్గరికి వెళ్ళే మనకు వాళ్ళను తప్పుపట్టే హక్కు లేదు.

మరి ఏది దేవుని గొంతో, ఏది మన ఆశో, ఏది భయమో ఎలా తెలుసుకోవాలి? దీనిమీద తీరిగ్గా కూర్చుని పని చేసిన మనిషి ఇగ్నేషియస్ లయోలా. విజయవాడ లయోలా కాలేజీకి ఆ పేరు వచ్చింది ఈయన నుంచే. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన స్పెయిన్ సైనికుడాయన. మంచం మీద పొద్దుపోక పుస్తకాలు అడిగాడు. వీరగాథలు దొరకలేదు, క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు ఇచ్చారు. కాసేపు ఒక గొప్పింటి ఆవిడ మెప్పుకోసం తాను చేయబోయే సాహసాలు ఊహించుకునేవాడు. కాసేపు పునీతుల్లా బతకడం ఊహించుకునేవాడు. రెండూ ఊహించేటప్పుడు హాయిగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసింది. మొదటి ఊహ పోయాక మనసు ఎండిపోయినట్టయ్యేది, రెండోది పోయాక కూడా సంతోషం నిలిచేది. అప్పుడు కలిగిన హుషారును కాదు, తర్వాత మిగిలినదాన్ని చూడాలన్నది ఆయన పట్టుకున్న కిటుకు. ఆ అనుభవంలోంచి పుట్టిన సాధనల పుస్తకం 1548లో అచ్చయింది. జెస్యూట్ గురువులు నడిపే ధ్యానకూటాలకు నేటికీ అదే పాఠ్యం.

తెలుగు క్రైస్తవుల్లో ఈ పని మరో దారిలో సాగింది. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారికి 1938 జనవరి 31న రాజమండ్రిలో 'బైబిలు మిషను' అనే పేరు బంగారు అక్షరాలతో గాలిలో కనబడిందని ఆ మిషనువారి సాక్ష్యం. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నవ్వుతారు. ఆ వాదన నాకక్కర్లేదు. ఆయన వేసిన అలవాటు ముఖ్యం. బైబిలు మిషను ఇళ్ళలో సన్నిధి కూటాలు జరుగుతాయి. చాప పరిచి నలుగురూ కూర్చుంటారు. స్తుతి అవుతుంది, ఒప్పుకోలు అవుతుంది, ఆ తర్వాత కనిపెట్టడం. ఏమీ అడగకుండా ఊరికే కూర్చోవడం. మొదటి ఐదు నిమిషాలు ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. కుక్కర్ విజిల్, ఎదురింటి టీవీ, నిన్న ఆడపడుచు అన్న మాట, అన్నీ అప్పుడే వినబడతాయి. హైదరాబాదు హెబ్రోనులో 2000లో కన్నుమూసిన భక్తసింగ్ గారిదీ ఇదే పట్టుదల. చిన్న విషయానికైనా మోకాళ్ళూని అడగకుండా కదలరని ఆయన దగ్గర పెరిగినవాళ్ళు చెప్పుకుంటారు.

ఇప్పటి మన ఆరాధనల్లో ఆ ఖాళీ ఎక్కడ ఉంది? 'మౌనంగా ప్రార్థిద్దాం' అన్నాక కూడా కీబోర్డు ఆగదు. హోరేబు కొండమీద ఏలీయాకు గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాక మెల్లని స్వరంలో దేవుడు మాట్లాడాడని ప్రసంగించేదీ నాలుగు సౌండ్ బాక్సుల్లోంచే. ఆ మెల్లని స్వరం ఏం చెప్పిందన్నది మాత్రం ఎవరూ చెప్పరు. వచ్చిన దారినే వెనక్కి పొమ్మంది. చేయాల్సిన పనులు అప్పజెప్పింది. నేనొక్కణ్ణే మిగిలానని ఏడుస్తున్న ప్రవక్తకు, నీలాంటివాళ్ళు ఇంకా ఏడు వేలమంది ఉన్నారని లెక్క చెప్పింది.

వినడం ఒంటరిగా అబ్బే విద్య కాదనడానికి షిలోహు మందిరంలోని పిల్లవాడు సమూయేలే సాక్ష్యం. పిలుపు మూడుసార్లు వినబడింది. మూడుసార్లూ ఏలీ పిలిచాడనుకుని పరిగెత్తాడు. ఆ గొంతు ఎవరిదో చెప్పింది చూపు మందగించిన ఏలీయే. తీరా పిల్లవాడు విన్న మొదటి సందేశం ఆ ఏలీ ఇంటిమీద తీర్పు. తెల్లారి ఏలీ ఏం చేశాడు? దాచకుండా చెప్పమని నిలదీసి విన్నాడు, విని తలవంచాడు. కొడుకుల్ని అదుపులో పెట్టలేకపోయిన మనిషే కావచ్చు, గురువుగా ఆ ఒక్క పొద్దు ఆయన మహా గొప్పవాడు. తనకు గిట్టని మాటను శిష్యుడి నోట వినడానికి ఇవాళ ఎంతమంది అయ్యగార్లు ఒప్పుకుంటారో చెప్పలేను.

విన్న గొంతును ఇలా ఇంకొకరి ముందు పెట్టి పరీక్షించుకోవడాన్ని కేథలిక్కులు ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైల్లో మదర్ థెరిస్సాకు పిలుపు వచ్చింది. మర్నాడే ఆమె బస్తీలోకి దిగలేదు. ముందు తన ఆధ్యాత్మిక గురువుకు చెప్పింది. తర్వాత కలకత్తా ఆర్చిబిషప్ పెరియే నెలల తరబడి ప్రశ్నలు వేశాడు, ఆగమన్నాడు. ఆమె విసుక్కుంటూ ఉత్తరాలు రాసింది కానీ మీరిపోలేదు. 1948 ఆగస్టు 17న నీలం అంచు తెల్లచీరతో లొరెటో కాన్వెంటు గడప దాటింది. విచిత్రం ఆ తర్వాత ఉంది. పని మొదలయ్యాక ఆ స్వరం మళ్ళీ వినబడలేదు. దాదాపు యాభై ఏళ్ళు లోపలంతా చీకటేనని ఆమె రాసుకున్న ఉత్తరాలు ఆమె పోయాక, 2007లో పుస్తకంగా వచ్చాయి. పొద్దున్నే రోగుల దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆపలేదు. రోజూ దేవుడు నాతో మాట్లాడుతున్నాడని చెప్పుకోలేక సంఘంలో చిన్నబోయే విశ్వాసులు చాలామంది ఉంటారు. వాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 'ప్రభువు నాకు చూపించాడు' అనే మాటతో మన మధ్య జరుగుతున్న అన్యాయం తక్కువది కాదు. స్వస్థత వచ్చేసిందన్నారని షుగరు మాత్రలు మానేసినవాళ్ళున్నారు. ప్రవచనం వచ్చిందని ఇష్టంలేని పెళ్ళికి తలవంచిన ఆడపిల్లలున్నారు. కానుక ఇంత ఇవ్వమన్నాడని బంగారం తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. అడిగితే, అనుమానించడం అవిశ్వాసం అంటారు. బైబిలు అలా అనదు. ప్రతి ఆత్మనూ నమ్మక పరీక్షించమని యోహాను రాశాడు. పౌలు అంతటివాడు చెప్పినదాన్ని కూడా లేఖనాల్లో ఉందో లేదో రోజూ వెతికి చూసుకున్న బెరయ ఊరివాళ్ళను అపొస్తలుల కార్యముల గ్రంథం మెచ్చుకుంది.

కాబట్టి రేపు మీ ఇంటికి ఎవరైనా వచ్చి మీ గురించి దేవుడు తనతో మాట్లాడాడంటే, వందనాలు చెప్పి కాఫీ ఇవ్వండి. ఆ మాట వల్ల ఎవరికి లాభమో చూడండి. ఇంట్లోవాళ్ళతో, మీ ముఖం మీద నిజం చెప్పే ఒక పెద్దమనిషితో మాట్లాడండి. పది రోజులు గడువు అడగండి. గడువు ఇవ్వడం కుదరదంటే ఆ ప్రవచనాన్ని ఆయనకే తిరిగి అప్పజెప్పి పంపించండి. ఈలోగా షుగరు మాత్ర వేసుకోవడం మానకండి.